బ్రేకు బోల్టుకు ఎంత బిగువు?

మోటారుసైకిలు బ్రేకు భాగాలను సరైన టార్కుకు, అంటే సరైన మెలి బలానికి, బిగించడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము. ఒకే సందేహం పలువురికి వచ్చిన చోట ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా ఇచ్చాము. జవాబుల్లో కనిపించే టార్కు అంకెలు చాలా బండ్లకు దగ్గరగా ఉండేవే గాని మీ బండికే చెప్పినవి కావు. మీ సర్వీసు మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దానినే పాటించాలి.

ప్రశ్న: ముందు బ్రేకు ప్యాడ్లు నేనే మార్చుకున్నాను. క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) బోల్టులను 30 న్యూటన్ మీటర్లకు బిగించాలని మాన్యువల్‌లో ఉంది. నాకు తెలిసిన మెకానిక్ మాత్రం ఇన్నేళ్లుగా చేతి అంచనాతోనే బిగిస్తున్నానని, ఇంతవరకు ఒక్కటీ ఊడలేదని అంటున్నారు. టార్క్ రెంచి (టార్కును కొలిచి చూపే పానా) నిజంగా అవసరమా?

జవాబు: మీ మెకానిక్ గారి మాటను తీసిపారేయలేము. ఒకే రకం బోల్టును ఒకే పొడవున్న పానాతో వేలసార్లు బిగించిన చేతికి ఒక లెక్క అలవడుతుంది. అయితే ఆ లెక్క ఆ చేతికే సొంతం, మనం అరువు తెచ్చుకోవడానికి వీలుండదు. పైగా "ఊడలేదు" అన్నది సగం సంగతే. బిగువు తక్కువైతే బోల్టు ఊడుతుంది, అది అందరికీ కనిపిస్తుంది. బిగువు ఎక్కువైతే అల్యూమినియంలో కోసిన థ్రెడ్లు కొద్దికొద్దిగా చిరుగుతాయి, బోల్టు సాగిపోతుంది. ఆ నష్టం బయటపడేది ఎన్నో నెలల తరువాత, తరచుగా వేరొకరి చేతిలో.

టార్క్ అంటే తిప్పే బలాన్ని, అది పనిచేసే దూరంతో గుణిస్తే వచ్చేది. పాతిక సెంటీమీటర్ల పొడవున్న పానా చివర సుమారు 12 కిలోల బరువు వేలాడదీస్తే బోల్టు మీద ఎంత మెలి పడుతుందో అదే 30 న్యూటన్ మీటర్లు. చాలామంది అనుకునేదానికంటే ఇది తక్కువ. ఒళ్లు బిగబట్టి రెండు చేతులతో లాగే అలవాటు ఉన్నవారు దీనికి రెండింతలు సులువుగా దాటిపోతారు.

కాని మనకు కావలసింది ఆ మెలి కాదు. బిగించిన బోల్టు గట్టి స్ప్రింగులా కంటికి కనబడనంత సాగుతుంది, సాగాక మళ్లీ పొట్టి కావాలని లాగుతుంది, ఆ లాగుడే క్యాలిపర్‌ను ఫోర్కుకు అదిమి పెడుతుంది. బ్రేకు వేసినప్పుడు డిస్కుతో పాటు తిరిగిపోవాలని చూసే క్యాలిపర్‌ను నిలబెట్టేది బోల్టు కాండం అడ్డుపడటం కాదు, అలా అదిమి ఉన్న రెండు ముఖాల మధ్య ఘర్షణ. అదుము తగ్గితే క్యాలిపర్ బ్రేకు వేసిన ప్రతిసారీ వెంట్రుకవాసి జరుగుతుంది. ఆ జరుగుడే బోల్టును వదులు చేస్తుంది, కాండాన్ని అలసిపోయేలా చేసి చివరకు విరగ్గొడుతుంది.

బోల్టు ఎంత సాగిందో ఇంటి దగ్గర కొలవడం కుదరదు కాబట్టి, తిప్పడానికి ఎంత బలం పట్టిందో కొలిచి దాని మీదుగా సాగుడును అంచనా వేస్తున్నాము. ఈ దారి కాస్త చుట్టుదారే. మనం పెట్టిన టార్కులో సుమారు సగం బోల్టు తల కింది రాపిడికి, దాదాపు 40 శాతం థ్రెడ్ల రాపిడికి పోతుంది. బోల్టును సాగదీయడానికి మిగిలేది పదో వంతు మాత్రమే. రాపిడి కాస్త మారినా ఆ పదో వంతు తలకిందులవుతుందన్నమాట. కింది జవాబుల్లో చాలావాటికి మూలం ఇదే కాబట్టి దీనిని గుర్తుంచుకోవాలని కోరుతున్నాము.

రెంచి కొనాలా అన్న మీ ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, బ్రేకు పని మీరే చేసుకోదలచుకుంటే కొనవలసిందే. ఏడాదికి ఒకసారి ప్యాడ్లు మార్చే చేతికి అంచనా ఎన్నటికీ అలవడదు.

ప్రశ్న: తుప్పు పట్టకూడదని క్యాలిపర్ బోల్టు థ్రెడ్లకు గ్రీజు రాసి, మాన్యువల్ చెప్పిన టార్కుకే రెంచితో బిగించాను. చెప్పిన టార్కు అందిందని తెలిపే క్లిక్ శబ్దం రాకముందే బోల్టు మెత్తగా తిరుగుతున్నట్లు అనిపించి ఆపేశాను. రెంచి తప్పు చూపిందా?

జవాబు: రెంచి తప్పు చూపి ఉండకపోవచ్చు. గ్రీజు వల్ల రాపిడి తగ్గి, రాపిడికి పోవలసిన టార్కు బోల్టును సాగదీయడానికి వెళ్లింది. లెక్క వేసి చూద్దాము. ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టును పొడి థ్రెడ్లతో 25 న్యూటన్ మీటర్లకు బిగిస్తే దానిలో పుట్టే లాగుడు సుమారు 15.6 కిలోన్యూటన్లు, అంటే పదహారు వందల కిలోల బరువు మోస్తున్నంత. థ్రెడ్లకూ తల కిందికీ మంచి గ్రీజు పట్టించి అదే 25 దగ్గర ఆపితే లాగుడు 20 నుంచి 26 కిలోన్యూటన్ల దాకా పోగలదు. 8.8 తరగతి (ఇది బోల్టు బలాన్ని చెప్పే అంకె) ఎం8 బోల్టు తిరిగి పొట్టి కాలేనంతగా సాగేది 23 కిలోన్యూటన్ల దగ్గర. మీ చేతికి తగిలిన మెత్తదనం అదే అయి ఉండవచ్చు, లేదా క్యాలిపర్ వైపు అల్యూమినియం థ్రెడ్లు లొంగిపోతూ ఉండవచ్చు. రెండింటిలో ఏదైనా ఆ బోల్టును మళ్లీ వాడకూడదు. దానిని విప్పి, కొత్త బోల్టు పక్కన పెట్టి థ్రెడ్లు ఎదురెదురుగా కలుస్తున్నాయో లేదో చూడండి. సాగిన బోల్టు థ్రెడ్లు కొన్ని వరుసల తరువాత తప్పుకుంటాయి. బోల్టు థ్రెడ్ల మధ్య మెరిసే అల్యూమినియం పీలికలు కనబడితే రంధ్రం వైపు కూడా పోయిందని అర్థం. అటువంటి రంధ్రానికి స్టీలు తీగ చుట్టతో కొత్త థ్రెడ్డు వేసే పద్ధతి ఉంది. పనితనం తెలిసినవారు చేస్తే అది మొదటి థ్రెడ్డు కంటే గట్టిగానే నిలుస్తుంది.

మాన్యువల్‌లో ఇచ్చిన టార్కు, ప్రత్యేకంగా చెప్పని చోట, శుభ్రమైన పొడి థ్రెడ్లకు వర్తిస్తుంది. నూనె పెట్టమని ఉంటే ఆ అంకెలో నూనె లెక్క ముందే కలిసి ఉంటుంది. అలాగే థ్రెడ్ లాక్ (బోల్టు వదులు కాకుండా పట్టే జిగురు) పెట్టమని ఉంటే మధ్యరకం బలం ఉన్నది, అంటే సాధారణంగా నీలి రంగులో దొరికేది, ఒకటి రెండు చుక్కలు చాలు. దానికి ముందు పాత జిగురును తీగ బ్రష్షుతో తీసి, థ్రెడ్లను జిడ్డు లేకుండా తుడవాలి. ఎరుపు రంగులో వచ్చే గట్టి రకాన్ని బ్రేకుల జోలికి తేకండి, ఆ తరువాత విప్పడానికి వేడి పెట్టవలసి వస్తుంది, వేడి క్యాలిపర్ లోపలి రబ్బరు సీళ్లకు పడదు. కొన్ని బండ్లకు థ్రెడ్ల మీద ముందే పూత పూసిన బోల్టులు వస్తాయి. వాటిని విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయమనే తయారీదారులు చెబుతారు.

తుప్పు గురించి మీ భయం న్యాయమైనదే, కాని గ్రీజుకు చోటు వేరే ఉంది. క్యాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నుల నున్నటి భాగానికి సిలికాన్ గ్రీజు పలుచగా రాయవచ్చు, రాయాలి కూడా. మామూలు పెట్రోలియం గ్రీజు అక్కడి రబ్బరును ఉబ్బిస్తుంది.

ప్రశ్న: క్లిక్ శబ్దం చేసే టార్క్ రెంచి కొన్నాను. దానితో బ్రేకు పని మొత్తం చేయవచ్చా? పట్టుకునే పద్ధతి ఏమైనా ఉందా?

జవాబు: ఒక్క రెంచితో మొత్తం కుదరదు. క్లిక్ రెంచి తన పూర్తి సామర్థ్యంలో ఐదో వంతు నుంచి పైన మాత్రమే నమ్మదగినది. 100 న్యూటన్ మీటర్ల రెంచితో 20కి దిగువన పని చేయకూడదు. క్యాలిపర్, డిస్కు బోల్టులకు, బ్రేకు గొట్టాన్ని తగిలించే బాంజో బోల్టులకు అది సరిపోతుంది. మాస్టర్ సిలిండర్ (లివర్ దగ్గర బ్రేకు ఆయిలును నెట్టే భాగం) క్లాంపుకు 10, 12 న్యూటన్ మీటర్లు, బ్లీడర్ నిపుల్‌కు (ఆయిలులో చేరిన గాలిని తీసే చిన్న గొట్టానికి) 5, 6, బ్రేకు లివర్ ఇరుసు బోల్టుకు కొన్ని బండ్లలో 1 మాత్రమే ఉంటుంది. వీటికి 5 నుంచి 25 వరకు చూపే చిన్న రెంచి వేరుగా కావాలి. 1 న్యూటన్ మీటరును ఆ చిన్న రెంచి కూడా చూపలేదు. చిన్న స్క్రూడ్రైవరును మూడు వేళ్లతో పట్టి తిప్పి, లివర్ అడ్డం లేకుండా కదులుతోందో లేదో చూసుకుని, కింది లాక్ నట్టును దాని టార్కుకు బిగించడమే మార్గం.

పట్టుకునేటప్పుడు చేయి పిడి మధ్య ఉండాలి. పిడి మీద గీత ఉంటే నడివేలు ఆ గీత మీద పడాలి. కుదుపు లేకుండా నెమ్మదిగా లాగి, క్లిక్ వినగానే ఆపాలి. "మరొక్కసారి" అని రెండో క్లిక్, మూడో క్లిక్ వినేవారు ఎందరో ఉన్నారు, ప్రతి అదనపు క్లిక్కూ బోల్టును ఇంకాస్త తిప్పుతుంది. చిన్న అంకెల దగ్గర క్లిక్ చాలా నెమ్మదిగా ఉంటుంది, చెవి కంటే అరచేతిని నమ్మండి. పని అయ్యాక రెంచిని దాని అతి తక్కువ అంకెకు తిప్పి దాచాలి, అంతకంటే కిందికి వదులు చేయకూడదు. బిగుసుకున్న బోల్టులను విప్పడానికి దానిని వాడకూడదు. మంచి క్లిక్ రెంచి 4 శాతం అటూ ఇటూగా చూపుతుంది. ఏడాదికి ఒకసారి గాని, 5,000 బిగింపులకు ఒకసారి గాని దానిని సరిచూపించాలి.

సాకెట్‌కు నిలువుగా తగిలించే పొడుగు కడ్డీ వల్ల టార్కు మారదు. రెంచి కొసన అడ్డంగా తగిలించే పానా తల వల్ల మారుతుంది. పిడి మధ్య నుంచి రెంచి తల వరకు 250 మిల్లీమీటర్లు, అక్కడి నుంచి బోల్టు వరకు అదే వరసలో మరో 50 ఉంటే, 30 న్యూటన్ మీటర్లు కావాలన్నప్పుడు రెంచిని 25 దగ్గర పెట్టాలి: 30ని 250తో గుణించి 300తో భాగించడమే. ఆ తలను రెంచికి లంబంగా తిప్పి తగిలిస్తే ఈ లెక్క అక్కరలేదు.

ఇంకొక్క మాట. మాన్యువల్‌లో కిలోగ్రాం మీటర్లలో అంకె ఉంటే 9.8తో, ఫుట్ పౌండ్లలో ఉంటే 1.36తో గుణించి న్యూటన్ మీటర్లు చేసుకోవాలి. రెంచి మీద రెండు వరుసల్లో అంకెలు చెక్కి ఉంటాయి, ఏ వరుసను చదువుతున్నారో ఒకటికి రెండుసార్లు చూడండి. 12 న్యూటన్ మీటర్లకు బదులు 12 ఫుట్ పౌండ్లు పెడితే క్లాంపు మీద 16 పడుతుంది.

ప్రశ్న: బ్రేకు గొట్టం మార్చాక బాంజో బోల్టు దగ్గర ఆయిలు చెమ్మగిల్లుతోంది. కొంచెం బిగిస్తే ఆగుతుంది, మర్నాటికి మళ్లీ కారుతుంది. ఇంకా బిగించనా?

జవాబు: వద్దు. బాంజో బోల్టు లోపల బోలుగా ఉంటుంది, పక్కన అడ్డంగా రంధ్రం కూడా ఉంటుంది. అదే కొలత మామూలు బోల్టు భరించినంత మెలిని ఇది భరించలేదు. సాధారణంగా దీనికి 25 నుంచి 35 న్యూటన్ మీటర్లు ఇస్తారు. అక్కడ ఆయిలును ఆపేది బోల్టు థ్రెడ్లు కావు, గొట్టం కన్నుకు రెండు వైపులా ఉండే రాగి లేదా అల్యూమినియం వాషర్లు. అవి మెత్తని లోహంతో చేసినవి కాబట్టి మొదటిసారి నలిగినప్పుడు ముఖంలోని గీతల్లోకి దిగి చొరబాటును మూస్తాయి, రెండోసారి ఆ పని చేయలేవు. మీరు పాత వాషర్లే వేసి ఉండవచ్చు, లేదా ఒకటి మరచిపోయి ఉండవచ్చు. కొత్తవి రెండు వేసి, కూర్చునే ముఖాల మీద గీతలు లేవని చూసుకుని, గొట్టం సరైన కోణంలో ఉండేలా పట్టుకుని చెప్పిన టార్కుకు బిగించండి. ఆ తరువాత ఆయిలులో చేరిన గాలి తీయడం తప్పనిసరి. కారిన ఆయిలు డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 రకాల్లో ఏదైనా సరే, బండి రంగును తినేస్తుంది, వెంటనే నీళ్లతో కడగాలి. ప్యాడ్ల మీద పడితే ఆ ప్యాడ్లను మార్చడమే మంచిది.

కొత్త వాషర్లతో సరైన టార్కు పెట్టినా చెమ్మ ఆగకపోతే తప్పు ముఖంలోనో గొట్టంలోనో ఉంది, బిగువులో లేదు.

ప్రశ్న: గాలి తీసేటప్పుడు బ్లీడర్ నిపుల్ విరిగి సగం క్యాలిపర్‌లోనే ఉండిపోయింది. ఎందుకు ఇలా జరుగుతుంది?

జవాబు: అది కూడా బోలు గొట్టమే కాబట్టి. 6 న్యూటన్ మీటర్లంటే పన్నెండు సెంటీమీటర్ల పానా చివర ఐదు కిలోల బరువు, అంతే. నిపుల్ కొస శంఖంలా ఉండి లోపలి పీట మీద కూర్చుంటుంది, ఆ కూర్పే ఆయిలును ఆపుతుంది గనుక ఎక్కువ బిగించి లాభం లేదు. విరిగిన ముక్కను తీయడం పనిముట్లున్న చోట చేయించండి. కొత్తదానికి రబ్బరు టోపీ తప్పక పెట్టండి. నీరు చేరి తుప్పు పట్టడం వల్లనే నిపుల్ బిగుసుకుని, మరుసటిసారి విప్పేటప్పుడు తెగుతుంది.

ప్రశ్న: కొత్త డిస్కు వేయించాను. అప్పటి నుంచి బ్రేకు పట్టినప్పుడు లివర్ వేళ్ల కింద కొట్టుకుంటోంది. డిస్కే వంకరదని దుకాణంవారు అంటున్నారు. బిగింపులో తేడా వల్ల ఇలా అవుతుందా?

జవాబు: అవుతుంది. డిస్కును తిరస్కరించే ముందు దానిని విప్పి మళ్లీ బిగించి చూడాలి. బోల్టులను వరుసగా గుండ్రంగా ఒక్కొక్కటే పూర్తిగా బిగించుకుంటూ పోతే మొదటి వైపు హబ్బుకు (చక్రం నడిమి భాగానికి) అతుక్కుని, ఎదుటి వైపు లేచి ఉండిపోతుంది. ముందుగా అన్నింటినీ వేళ్లతో కూర్చోబెట్టి, తరువాత ఎదురెదురుగా ఉన్నవాటిని సగం టార్కుకు, మళ్లీ అదే క్రమంలో పూర్తి టార్కుకు తేవాలి. ఐదు బోల్టులుంటే ఒకటి వదిలి ఒకటి చొప్పున తిరగండి.

బిగింపు క్రమం కంటే ఎక్కువసార్లు దోషి అయ్యేది హబ్బు ముఖం మీద మిగిలిన మురికి, పాత థ్రెడ్ లాక్ పలుకులు, రంగు. డిస్కు బోల్టుల వలయం 100 మిల్లీమీటర్ల వ్యాసం, డిస్కు 260 మిల్లీమీటర్లు అనుకుందాము. వలయం దగ్గర ఒక వైపు 0.1 మిల్లీమీటరు పలుకు ఇరుక్కుంటే డిస్కు అంచు 0.26 మిల్లీమీటర్లు ఊగుతుంది. చాలా మాన్యువళ్లు ఒప్పుకునే గరిష్ఠ ఊపు 0.3. అంటే కంటికి ఆనని పలుకు ఒక్కటి మంచి డిస్కును వంకర డిస్కుగా చూపడానికి సరిపోతుంది. రంగు పూత మరో విధంగా కూడా చెరుపు చేస్తుంది. బోల్టు కింద అది మెల్లగా నలిగి పలుచబడి, సరిగా బిగించిన బోల్టులోని లాగుడును కూడా పోగొడుతుంది. చక్రాలకు కొత్తగా రంగు వేయించినవారు బోల్టు తలలు కూర్చునే చోటు, డిస్కు ఆనే ముఖం వట్టి లోహంగా ఉండేలా చూసుకోవాలి.

ప్రశ్న: అందంగా ఉంటాయని బ్రేకు బోల్టులన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి వేయాలనుకుంటున్నాను. టార్కు అదే పెట్టాలా?

జవాబు: పెట్టే టార్కు కంటే ముందు వేయవచ్చా అన్నది తేలాలి. బజారులో దొరికే ఏ2-70 స్టెయిన్‌లెస్ బోల్టు శాశ్వతంగా సాగే హద్దు 450 మెగాపాస్కళ్లు, 8.8 తరగతి మామూలు బోల్టుది 640, 10.9 తరగతిది 900. మాన్యువల్ చెప్పిన టార్కు పెడితే అది సాగిపోవచ్చు, తగ్గించి పెడితే క్యాలిపర్‌కు చాలినంత అదుము ఉండదు. అందం కావాలనుకుంటే ట్యాంకు, అద్దాలు, ఫెయిరింగు దగ్గర వేసుకోండి. క్యాలిపర్‌కు, డిస్కుకు తయారీదారు ఇచ్చినవే ఉంచండి.

ప్రశ్న: మా బండికి వెనుక డ్రమ్ము బ్రేకే. దానికి ఈ టార్కుల గొడవ లేనట్లేనా?

జవాబు: దాని గొడవ దానికి ఉంది. చాలా బండ్లలో బ్రేకు షూలు అమర్చిన పలకను తిరగకుండా పట్టి ఉంచేది టార్క్ ఆర్మ్ అనే కడ్డీ, దాని ఒక కొస పలకకు, రెండో కొస వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్ముకు తగిలి ఉంటుంది. ఆ నట్టు ఊడిన బండి మీద గట్టిగా బ్రేకు వేస్తే పలక చక్రంతో పాటు తిరుగుతుంది, బ్రేకు రాడ్డు వంగి చుట్టుకుంటుంది, చక్రం పట్టేస్తుంది. గొలుసు సరిచేసేటప్పుడో పంక్చరు వేసేటప్పుడో ఈ నట్టును వదులు చేసి, మళ్లీ చేతి బిగువుతో వదిలేయడం చాలాచోట్ల చూశాము. దానిని చెప్పిన టార్కుకు బిగించి, స్ప్లిట్ పిన్ను రంధ్రం కలవకపోతే నట్టును వెనక్కి తిప్పకుండా కొంచెం ముందుకు తిప్పి కలిపి, కొత్త పిన్ను వేయండి.

ప్రశ్న: ఒకసారి బిగించాక కొన్నాళ్లకు రెంచి పెట్టి మళ్లీ సరిచూడాలా?

జవాబు: అలా సరిచూడటం పైకి కనిపించినంత మంచి పద్ధతి కాదు. కూర్చున్న బోల్టును కదిలించడానికి మొదట పట్టే బలం ఎక్కువ, కాబట్టి లోపల లాగుడు తగ్గినా రెంచి క్లిక్ అనవచ్చు. థ్రెడ్ లాక్ గట్టిపడ్డాక బోల్టు కాస్త కదిలినా ఆ జిగురు పట్టు విడిపోతుంది. దానికి బదులు, బిగించిన వెంటనే బోల్టు తల మీది నుంచి క్యాలిపర్ మీదికి రంగు పెన్నుతో ఒక గీత గీయండి. బండి కడిగినప్పుడల్లా ఆ గీత తెగిందేమో చూస్తే చాలు. తెగి ఉంటే మాత్రం ఉన్నచోటనే బిగించి ఊరుకోకుండా, బోల్టును పూర్తిగా విప్పి, థ్రెడ్లు తుడిచి, మొదటి నుంచి బిగించాలి. ప్యాడ్లు మార్చిన రోజున ఇంకొక పని ఉంది: బండి కదపకముందే లివరును గట్టిపడేదాకా పలుమార్లు నొక్కాలి. పిస్టన్లు వెనక్కి నెట్టి ఉంటాయి కాబట్టి మొదటి నొక్కుకు లివర్ పిడికి తగిలేదాకా వస్తుంది, బ్రేకు పడదు.